ఆనర్స్ నాలుగో ఏడాదిలో చేరే ముందు

• ఆరు సెమిస్టర్ల మెమోలూ ముందేసుకుని లెక్క చూసుకోండి. యూజీసీ నిబంధన ప్రకారం ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’కి 75 శాతం ఉండాలి.

• డిసర్టేషన్‌కి (పరిశోధన చేసి రాసిచ్చే వ్యాసం) 12 క్రెడిట్లు. అసలు టెన్షన్ ఇక్కడే. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే ఆరు నెలల్లోపు మళ్లీ రాసివ్వాలి, 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైల్‌కి మీ పేరు పెట్టేసే ఆలోచన ఉంటే మానుకోండి. ఏ పుస్తకంలో ఏది చదివినా పేజీ నంబర్‌తో సహా అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆఖరి వారంలో వెతికితే దొరకవు.

• యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఏటా ఇవ్వాలి. జూనియర్‌తో రికార్డు రాయించుకోవడమూ ర్యాగింగే. ‘మా తమ్ముడే కదా’ అంటే కుదరదు.