ఊరి పిల్లల చదువు కోసం ఆడవాళ్ల జట్టు కట్టడం ఎలా?

మా జట్టు మొదటి ఏడాది చేసిన పని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తలా రెండొందలు వేసుకుని నోటుబుక్కులు కొన్నాం. సర్పంచిని పిలిచాం, పిల్లల్ని వరుసగా నిలబెట్టి పంచాం, ఫొటో దిగాం. ఆ ఫొటోలో ముందు వరుసలో నవ్వుతున్న నాలుగో తరగతి పిల్ల దసరా సెలవులయ్యాక బడికి రాలేదు. అమ్మానాన్నలతో పుణె పోయింది, వాళ్లకక్కడ ఇళ్లు కట్టే పని. ఉగాదికి వాళ్లు తిరిగొచ్చి తాళం తీస్తే దూలం సందులో మా నోటుబుక్కులు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, అలాగే ఉన్నాయి.

అందుకే నోటుబుక్కులు పంచడం గురించి ఇక్కడ ఏమీ ఉండదు. పాఠ్యపుస్తకాలూ రెండు జతల యూనిఫాం ప్రభుత్వమే ఇస్తుంది, ఆ యూనిఫాం కుట్టేది కూడా చాలాచోట్ల మన మహిళా సంఘాల వాళ్లే. ఎవరూ చేయని పని ఒకటుంది: ఏ పిల్ల బడికి రావడం లేదో, ఎందుకు రావడం లేదో పట్టుకోవడం. దానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, కాళ్లు అరగాలి.

మాది తెలంగాణలో నారాయణపేట వైపు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత 55 శాతం, ఆడవాళ్లలో 45 శాతం లోపే. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అన్ని జిల్లాల కన్నా అడుగున ఉన్నది మనమే. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు తండాల వాళ్లు ఇది చదువుతుంటే కారణాలు కొంచెం మార్చుకోండి, పని మాత్రం ఇదే.

మొదట జట్టు

పొదుపు సంఘాలు లేని ఊరు మన దగ్గర లేదు కాబట్టి కొత్తగా సంఘం పెట్టక్కర్లేదు. ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం మీటింగులో విషయం చెప్పి, వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వగలిగిన వాళ్లు చేతులెత్తమనండి. పదిహేను చేతులు లేస్తాయి, రెండు నెలలకు ఆరు మిగులుతాయి. ఆరు చాలు. మేం పదకొండు మందితో మొదలై ఆరుగురం మిగిలాం. వెళ్లిపోయిన వాళ్లను ఏమీ అనలేదు, పత్తి ఏరే రోజుల్లో ఎవరి కష్టం వాళ్లది.

ఆ ఆరుగురిలో అంగన్‌వాడీ టీచర్ ఉంటే మంచిది, ఏ ఇంట్లో ఎంత వయసు పిల్లలున్నారో ఆమెకు తెలుసు. ప్రతి వాడకట్టు నుంచీ, తండా ఉంటే తండా నుంచీ ఒకరు ఉండాలి. పెద్ద వాడ వాళ్లే వచ్చి చెప్తే మిగతా వాడల్లో తలుపు తీస్తారు కానీ మనసు విప్పరు. చదువు రాని వాళ్లను వద్దనకండి. మా జట్టులో అందరికంటే పనికొచ్చే మనిషి గంపలో కూరగాయలు అమ్మే ఒక పెద్దమ్మ. సంతకం పెట్టడం కూడా మొన్నీమధ్యే నేర్చుకుంది. కానీ ఎవరి ఇంట్లో మూటలు కడుతున్నారో, వలస పనికి మనుషుల్ని తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర ఎవరు అడ్వాన్స్ పట్టారో బడి సారు కంటే నెల ముందు ఆమెకు తెలుస్తుంది.

బడికి వెళ్లడం

2024లో ప్రభుత్వ బళ్లలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. గ్రామ సంఘం అధ్యక్షురాలే వాటికి చైర్‌పర్సన్, హెడ్‌మాస్టర్ కన్వీనర్. అంటే బళ్లోకి అడుగుపెట్టడానికి మనకు దారి ఉంది. అయినా తనిఖీకి వచ్చినట్టు పోవద్దు. మేం మొదటిసారి మధ్యాహ్న భోజనం గిన్నెల మూతలు తీసి చూడబోయి ఆ వంట చేసే అక్కతో మాట పడ్డాం, ఆమె కోపం చల్లారడానికి సంక్రాంతి దాకా పట్టింది.

సారును ఒక్కటే అడగండి: "సార్, పోయిన నెలలో పది రోజులకు మించి రాని పిల్లలెవరు?" హాజరు పట్టీ చూసి ఆయనే పేర్లు చెప్తారు. చాలామంది సార్లకు ఇలా అడిగేవాళ్లు ఊళ్లో ఒక్కరు దొరికినా ప్రాణం లేచొస్తుంది.

పుస్తకం ఒకటి పెట్టండి

రెండొందల పేజీల లాంగ్‌బుక్ ఒకటి. పిల్లకో పేజీ. పేరు, వయసు, తరగతి, ఇంట్లో ఎవరెవరు, ఎప్పటినుంచి రావడం లేదు, ఇంట్లో చెప్పిన కారణం. కింద సగం పేజీ ఖాళీగా వదలండి, అసలు కారణం రాయడానికి. మొదటి మాటలో అది బయటికి రాదు. "జ్వరమొచ్చింది" అంటారు. మూడోసారి పోతే తెలుస్తుంది: తల్లి పత్తికి పోతే చిన్నవాణ్ణి ఎత్తుకునేది ఈ పిల్లే. ఏడో తరగతి పిల్లవాడు కడుపునొప్పి అంటాడు, నిజానికి తెలుగు కూడబలుక్కుని కూడా చదవలేక క్లాసులో తల దించుకుని కూర్చోలేకపోతున్నాడు. గద్వాల వైపైతే ఆగస్టు నుంచి సీడ్ పత్తిలో క్రాసింగ్ పని. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దే ఆ పనికి చిన్న చేతులు బాగుంటాయని పిల్లల్ని పిలుస్తారు.

బడి రిజిస్టర్‌లో అసలు లేని పిల్లలు కూడా ఉంటారు. వాళ్ల కోసం ఒకసారి ఇల్లిల్లూ తిరగాల్సిందే. జూన్‌లో బడి తెరిచే ముందు పిల్లల్ని చేర్పించే బడిబాటకు సార్లు తిరుగుతారు, వాళ్లతో పాటు పోతే పని సగం తగ్గుతుంది.

ఇంటికి పోయి మాట్లాడటం

జట్టు అసలు పని ఇదే. వలస పోయే ఇళ్లకు బతుకమ్మ కంటే ముందే పోవాలి. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చాడంటే ఆ ఇంటి లెక్క అంతా దాని చుట్టే తిరుగుతుంది, మన మాట చెవికెక్కదు. రెండో ఏడాది ఆ ఫొటో పిల్ల ఇంటికి మేం బతుకమ్మ ఇంకా ఇరవై రోజులుందనగా పోయాం. అప్పటికే ఆలస్యమైంది.

"పైసలు తీసుకున్నరా వదినా?"

"తీసుకున్నం. బోరు బాకీ ఉండె గదా."

"మరి పిల్లనెందుకు తోల్కపోతున్నరు?"

"చిన్నోణ్ణి ఎవరు చూస్తరక్కా? నేను ఇటుకలు మోస్తుంటే వాడు ఇసుకల పడి ఆడుతడు, లారీలు తిరుగుతయి."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. చదువు గొప్పదని ఆమెకు తెలియక కాదు. లారీ కింద పడకుండా తమ్ముణ్ణి కాయడానికి ఆ ఇంట్లో ఉన్న మనిషి ఆ పిల్ల ఒక్కతే. బయటికొచ్చి అరుగు మీద కూర్చుని లెక్క వేసుకున్నాం. చిన్నవాడికి మూడేళ్లు నిండాయి, అంగన్‌వాడీలో కూర్చోబెట్టొచ్చు. ఇద్దరికీ మధ్యాహ్నం తిండి అంగన్‌వాడీలో, బళ్లో దొరుకుతుంది. అమ్మమ్మ ఉంది, కానీ కళ్లు సరిగా కనపడవు, రాత్రి పొయ్యి వెలిగించలేదు. పక్కింటి ఇద్దరు అక్కలు వంతులేసుకుని రాత్రి కూర గిన్నె పంపుతామన్నారు. అన్నం మాత్రం ఆ పిల్లే వండుకుంటుంది. ఆదివారం సాయంత్రం మా ఫోన్ నుంచి అమ్మానాన్నలకు వీడియో కాల్. తల్లి రెండు రోజులు ఆలోచించుకుని సరే అంది. కూర గిన్నె ఆరు నెలలు నడిచింది. నడుమ పంపేవాళ్లిద్దరూ ఒకసారి పోట్లాడుకున్నారు, అప్పుడు ఒక వారం మా ఇంటి పప్పే పోయింది.

అన్ని ఇళ్లకూ అమ్మమ్మ దొరకదు. అలాంటి పిల్లలు పదిమంది దాకా తేలితే హెడ్‌మాస్టర్ ద్వారా మండల విద్యాధికారికి (ఎంఈఓ) సీజనల్ హాస్టల్ కోసం రాయించండి. సమగ్ర శిక్ష కింద వలస పిల్లల కోసమే వాటికి ఏర్పాటు ఉంది. దసరా దాటాక రాస్తే కాగితం కదిలేసరికి ఊరు ఖాళీ అవుతుంది కాబట్టి జులై, ఆగస్టులోనే పెట్టించండి. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయం ఉంది. నడుమ బడి మానేసిన వాళ్లకూ తల్లిదండ్రులు లేని వాళ్లకూ అక్కడ ముందు చోటు. ఇవేవీ కుదరక పిల్ల పోయిందే అనుకోండి, పుస్తకాలు మూటలో పెట్టించండి. తిరిగొచ్చిన రోజే బడికి తీసుకెళ్లండి. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెప్తుంది.

"పేదరికమండీ, ఏం చేస్తాం" అన్న మాట దగ్గర ఆగిపోకండి. పక్క రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే సంస్థ వాళ్లు, దాన్ని నడిపిన శాంతా సిన్హా గారు, బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ బాలకార్మికురాలి కిందే లెక్కేశారు. ఆవిడకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ లెక్క మొదట మాకు మరీ కటువుగా అనిపించింది. మా లాంగ్‌బుక్ నిండాక అనిపించలేదు.

సాయంత్రం గంటన్నర

ఆరు నుంచి ఏడున్నర. బడి వరండా అయితే బాగు, తాళం ఇవ్వకపోతే పంచాయతీ ఆఫీసు అరుగు. చార్జింగ్ లైటు ఒకటి దగ్గర పెట్టుకోండి.

మేం మొదట ట్యూషన్‌లా నడిపాం. హోంవర్క్ చేయించాం, నిజం చెప్పాలంటే మేమే చేసిపెట్టాం. నెల తిరిగినా చదవడం రాని వాడికి చదవడం రాలేదు. తర్వాత ఒక టీచర్ మేడం దారి చెప్పింది. ప్రథమ్ అనే సంస్థ వాళ్లు 2005 నుంచి చేస్తున్న అసర్ అనే చదువు సర్వేలో పిల్లల్ని చూసే పద్ధతే ఇది. ఒక కాగితం మీద నాలుగు భాగాలు: విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ. పిల్లను పక్కకు పిలిచి, ఒక్కదాన్నే, చదివించండి. ఎక్కడ ఆగిందో అదే ఆమె గుంపు. తరగతిని బట్టి కాదు, చదవగలిగిన దాన్ని బట్టి కూర్చోబెట్టాలి.

ఇందులో చిక్కల్లా పెద్ద పిల్లల సిగ్గు. ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోబెడితే మర్నాడు రాడు. అలాంటి ముగ్గురిని మేం వెనక గదిలో కూర్చోబెట్టి పిల్లల వాచకం బదులు వాళ్లకు పనికొచ్చేవి ఇచ్చాం: బస్సు బోర్డుల పేర్లు, ఎరువు బస్తా మీద రాతలు, క్రికెట్ వార్తలు. మక్తల్, మరికల్, కోయిలకొండ అని బోర్డులు చదువుతూ ఒత్తులు పట్టుకున్నారు.

చదువు రాని పెద్దమ్మ ఏం చేస్తుందంటారా? పిల్ల చదువుతుంటే వింటుంది. "మళ్లీ చెప్పు, నాకర్థం కాలే" అంటుంది. ఆమెకు అర్థమయ్యేదాకా చదవాలి కాబట్టి పిల్ల నాలుగుసార్లు చదువుతుంది. మేమెవరం ఇంత ఓపికగా వినలేం.

శనివారం పిల్లలకు బబ్బెర గుడాలు (బొబ్బర్ల గుగ్గిళ్లు). రోజూ పెట్టాలనుకోకండి, పెట్టలేరు. పదో తరగతి వాళ్లకు జనవరి నుంచి మార్చి దాకా వేరే కూర్చోబెట్టి, పొద్దున ఐదింటికి వాడకట్టుకొకరు లేపితే చాలు, పాఠం సార్లు చెప్తారు.

కాగితాలు, బస్సులు

టీసీ పేరు చెప్పి ఏడాది పోగొట్టుకున్న పిల్లలు ప్రతి ఊళ్లో ఉంటారు. మా ఊరి పిల్లవాణ్ణి ప్రైవేటు బడి మాన్పించి సర్కారు బళ్లో వేద్దామంటే ఫీజు బాకీ కట్టేదాకా టీసీ ఇవ్వమన్నారు. మూడుసార్లు తిరిగాం, మూడుసార్లూ టీ తాగించి పంపారు. చివరికి ఆ విద్యాహక్కు చట్టమే చదివించుకుంటే 5వ సెక్షన్‌లో ఉంది, టీసీ ఆలస్యమైందని బళ్లో చేర్చుకోవడం ఆపకూడదు. పుట్టిన తేదీ కాగితం లేదని కూడా ఆపకూడదు, అది 14వ సెక్షన్. ఆ రెండూ తెల్లకాగితం మీద రాసి హెడ్‌మాస్టర్‌కు ఇచ్చాం, పిల్లవాడు మర్నాడే క్లాసులో కూర్చున్నాడు. ఈ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకని గుర్తుంచుకోండి.

2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు కాబట్టి పక్క ఊరి హైస్కూలుకు పోయే ఆడపిల్లలకు ఖర్చు పోయింది. ఆధార్ మాత్రం సంచిలో ఉండాలి. ఇక బస్సు వేళ కుదరకపోయినా, స్టాపులో ఆపకపోయినా ఒక్కరు ఫోన్ చేస్తే ఎవరూ వినరు. ఎంతమంది పిల్లలు, ఏ బడి, ఏ టైము అని రాసి, తల్లుల సంతకాలతో పదిమంది డిపోకు పోండి.

డబ్బు లెక్క పొదుపు సంఘం తీర్మానం పుస్తకంలోనే రాయండి. పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకండి, ముఖ్యంగా బడి మానేసి తిరిగొచ్చిన వాళ్లవి.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకున్నా, పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి కుదిర్చినా ఒక్కరే పోయి గొడవ పడొద్దు. ముందు ఇద్దరు ముగ్గురు పోయి మాట్లాడండి, వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఎవరు చేశారో జట్టు బయట చెప్పకండి. అదే ఊళ్లో, అదే నల్లా దగ్గర మనం రేపు నీళ్లు పట్టుకోవాలి.

ఈ ఏడాది పుస్తకంలో ముప్పై పేజీలు దాటాయి. ఆ ఫొటో పిల్ల ఇప్పుడు ఆరో తరగతి, సాయంత్రం పెద్దమ్మకు పేపరు చదివి వినిపించేది ఆమే. బతుకమ్మ ఇంకా నెలన్నర ఉంది. నిన్న కింది వాడకట్టులో గుంపు మేస్త్రీ బండి ఆగిందని పెద్దమ్మ చెప్పింది. రాత్రి అన్నాలయ్యాక ఆ నాలుగిళ్లకూ పోవాలి.