బెంగళూరులో ఆఫీసుకు సైకిల్ మీద

900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి ఎండాకాలంలోనూ పొద్దున్నే గాలి హాయిగా ఉంటుంది. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ వెళ్లేవాళ్లు ఏడున్నరలోపు బయల్దేరితే మేలు. చెమటకు సగం కారణం వీపున బ్యాగే. దాన్ని వెనక క్యారియర్ పక్కన తగిలించండి, మడమ తగలనంత వెనక్కి.

35 మి.మీ. వెడల్పు టైరుకు 55–65 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. మరీ తగ్గితే గుంత అంచుకూ చక్రం రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఒకటే చిల్లయితే ముల్లో, మేకో. ప్యాచ్ వేసే ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడమండి. ముల్లు అక్కడే ఉంటే కొత్త ట్యూబూ పోతుంది. మీ ట్యూబుకు ప్రెస్టా వాల్వు (గాలి పట్టే సన్నటి మూతి) ఉంటే దానికి పెట్రోల్ బంకు గాలి ఎక్కదు, చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో ఉండాలి.

వానలో తడిసిన చైనును పొడిగా తుడిచి, లింకుల మధ్య ఉండే ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేయండి. పది నిమిషాలాగి పైన మిగిలింది తుడిచేయాలి, లేదంటే దుమ్ము పట్టి గేరు పళ్లు అరుగుతాయి. వంటనూనె మాత్రం వద్దు, జిగురవుతుంది.

బస్సుకు ఎడమ పక్కనుంచి దూరకండి. స్టాపు రాగానే అది అటే ఒరుగుతుంది.