పార్టిషన్ తగ్గించాక వచ్చిన డిస్క్ ఎర్రర్: నా అనుభవం

ఉబుంటులో నా ఫైళ్లుండే 100 జీబీ హోమ్ పార్టిషన్‌ను (డిస్క్‌లో విడదీసిన భాగాన్ని) 80కి తగ్గించాక, సూపర్‌బ్లాక్ (ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్ తన పరిమాణం వంటి వివరాలు రాసుకునే చోటు) లెక్కలో 2,62,14,400 బ్లాకులుంటే డిస్క్ మీద 2,09,71,520 మాత్రమే ఉన్నాయంటూ సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. కేబుల్ మార్చినా, బ్యాకప్ సూపర్‌బ్లాక్‌తో ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. ఆ తేడాను ఒక్కో బ్లాకు పరిమాణమైన 4 కేబీతో హెచ్చవేస్తే సరిగ్గా 20 జీబీ వచ్చినప్పుడు గాని, తప్పు డిస్క్‌ది కాదని, ఫైల్ సిస్టమ్‌ను కుదించకుండా పార్టిషన్‌ను కోసేసిన నాదేనని తెలియలేదు.

డిస్క్‌తో పని లేకుండా ఉబుంటును నడిపే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, పార్టిషన్లను మార్చే ఎఫ్‌డిస్క్‌లో ఆ పార్టిషన్‌ను తొలగించి, అదే ప్రారంభ సెక్టార్ నుంచి పాత ముగింపు వరకు మళ్లీ సృష్టించాను. ఫైల్ సిస్టమ్ రకాన్ని తెలిపే ఈఎక్స్‌టీ4 సిగ్నేచర్‌ను చెరిపివేయమంటారా అని అది అడిగినప్పుడు వద్దనే చెప్పాలి, నా చెయ్యి అక్కడ కాసేపు ఆగింది. తరువాత ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసే ఈ2ఎఫ్ఎస్‌సీకేను మైనస్ ఎఫ్‌తో (తప్పనిసరిగా తనిఖీ చేయమని) నడిపి, రీసైజ్2ఎఫ్ఎస్‌తో ఫైల్ సిస్టమ్‌ను 78 జీబీకి కుదించి, ఆపైనే పార్టిషన్‌ను 80కి తగ్గించాను. విడిచిన 20 జీబీలో అప్పటికి ఏమీ రాయలేదు కనుక నా ఫైళ్లు దక్కాయి. ఆ చోటును ఇప్పటికే ఫార్మాట్ చేసినవారికి ఇది పనికొస్తుందని చెప్పలేను.