సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే ముందు ప్రాసెసర్ సంగతి కెర్నల్‌నే అడగండి

పాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు పైన అంటించిన స్టిక్కర్‌నో, అమ్మేవాళ్ల మాటనో నమ్మక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టుకెళ్లి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాంతో బూట్ చేసి, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) క్యాట్ కమాండ్‌తో /ప్రాక్/సీపీయూఇన్ఫో తెరవండి (cat /proc/cpuinfo). పేరుకి ఫైలే గానీ సైజు సున్నా చూపిస్తుంది, ఎందుకంటే అది డిస్క్‌లో ఎక్కడా ఉండదు, మనం చదవబోయే క్షణంలో లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) తన దగ్గరున్న వివరాలతో అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తుంది.

మోడల్ నేమ్ దగ్గర చిప్ అసలు పేరు ఉంటుంది. అదే సమాచారం 8 సార్లు వచ్చింది కాబట్టి 8 కోర్లు (చిప్‌లో విడివిడిగా పని చేసే భాగాలు) అనుకోకండి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే: సీపీయూ కోర్స్ 4, సిబ్లింగ్స్ 8 అని ఉంటే నిజం కోర్లు నాలుగే, రెట్టింపు కనిపించేది ఒక్కో కోర్ రెండు పనుల్ని ఒకేసారి నడిపే హైపర్‌థ్రెడింగ్ వల్ల. చిప్ వేగం చెప్పే మెగాహెర్ట్జ్ అంకె చూసిన ప్రతిసారీ మారొచ్చు, టెన్షన్ వద్దు.

వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిపే మరో కంప్యూటర్లు) నడిపే పని ఉంటే, చిప్‌కున్న సదుపాయాలు చెప్పే ఫ్లాగ్స్ వరుసలో ఇంటెల్‌కి వీఎంఎక్స్, ఏఎండీకి ఎస్‌వీఎం ఉన్నాయేమో వెతకండి. లేకపోతే బయోస్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) ఆఫ్ చేసి ఉందేమో కూడా చూడండి.

ఇక బగ్స్ వరుసలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అని కనిపించగానే బేరం వదులుకోనక్కర్లేదు. 2018లో బయటపడ్డ ఆ భద్రతా లోపాలు ఈ చిప్‌లో ఉన్నాయని మాత్రమే దానర్థం, కెర్నల్ వాటికి అడ్డుకట్ట వేసిందో లేదో ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) కమాండ్ కొడితే చివర్లో తెలుస్తుంది, వేసి ఉంటే మిటిగేషన్ అని చెబుతుంది.