ఒడియా పిల్లలున్న క్లాసుకి నాలుగు మాటలు

విశాఖలో గాజువాక, మల్కాపురం వైపు ప్రైమరీ బళ్లలో పనుల కోసం వలసొచ్చిన ఒడియా కుటుంబాల పిల్లలూ ఉంటారు. మా రెండో తరగతిలో కొత్తగా చేరిన బాబు "పేట, పేట" అంటుంటే, ఏ పేటరా, జాలారిపేటా అని అడిగాను. వాడు చొక్కా పైకెత్తి పొట్ట పట్టుకున్నాడు. ఒడియాలో పేట అంటే పొట్ట! అప్పటిదాకా నొప్పి ఓర్చుకున్నాడు పాపం.

టీచర్లూ, పాణి అంటే నీళ్లు, భాత అంటే అన్నం. ఈ మాటలు బోర్డు మూలన తెలుగులో రాసిపెట్టుకోండి. బాత్రూంకి మాటక్కర్లేదు, చిటికెన వేలు చూపిస్తే చాలని మొదటిరోజే నేర్పండి. ముఖ్యంగా, రోజూ ఐదు నిమిషాలు ఆ పిల్లలచేతే క్లాసుకి ఏక, దుయి, తిని అని ఒడియాలో ఒకటి, రెండు, మూడు చెప్పించండి. మావాడు అలా చెప్పిన వారంలోనే గోడవార చోటు వదిలి, మధ్యాహ్న భోజనం వరస మధ్యకొచ్చి కూర్చున్నాడు.