క్లచ్ జారుతోందా? గేర్ బాక్స్ దించే ముందు ఇవి చూడండి

నరసాపురంలో గోదావరి దాటించే పంటు (బండ్లను మోసే పెద్ద పడవ) ఎక్కి, సఖినేటిపల్లి రేవులో దిగి గట్టు ఎక్కుతుంటే నా కారు మొరాయించింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంజిన్ అరుస్తోంది తప్ప చక్రాలు ముందుకు లాగడం లేదు. వెనక సీటులో కొబ్బరికాయల బస్తాలు, కారు నిండా కాలిన వాసన. వారం తిరగకుండా క్లచ్ ప్లేటు (ఇంజిన్ తిప్పుడును గేర్ బాక్స్‌కు అందించే, వాడకంతో అరిగే పళ్లెం) మార్చాను. మూడు నెలలకు మళ్లీ అదే జారుడు. రెండోసారి గేర్ బాక్స్ దించితే కొత్త ప్లేటు నూనెలో నానిన గుడ్డలా ఉంది. ఇంజిన్ వెనక నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్ కారుతోంది. ప్లేటు ధరతో పోలిస్తే ఆ సీల్ ఖర్చు చాలా తక్కువ. దాన్ని చూడకుండా వదిలేసినందుకు రెండు రోజుల చాకిరీ మళ్లీ చేయాల్సి వచ్చింది. లక్షణం కనబడగానే ప్లేటు కొనడానికి పరుగెత్తవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇంజిన్ అరుస్తుంది, బండి లాగదు

ముందు ఇది జారుడేనా అని తేల్చుకోండి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ చప్పుడు ఒక్కసారిగా పెరిగి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఈ పరీక్ష ఒకసారి చాలు. పదేపదే చేస్తే మిగిలిన ప్లేటూ కాలిపోతుంది.

తర్వాత పెడల్ చూడండి. కేబుల్ ఉన్న కార్లలో పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట కొంత దూరం ఏ బరువూ లేకుండా దిగాలి. చాలా చిన్న కార్లలో ఈ ఖాళీ 15 నుంచి 25 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. మీ బండి కొలత మాన్యువల్‌లో దొరుకుతుంది. ప్లేటు అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గుతుంది. అసలు లేకపోతే, పెడల్ మీద కాలు పెట్టకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే ఉంటుంది. కేబుల్ చివర నట్టు కొద్దిగా వదులు చేసి మళ్లీ నడిపి చూడండి. జారుడు ఆగితే గేర్ బాక్స్ జోలికి వెళ్లే పని లేదు.

ఖాళీ సరిగానే ఉండి ఇంకా జారుతుంటే ప్లేటు అరిగి ఉండాలి, లేదా దానికి నూనె అంటి ఉండాలి. ఇంజిన్, గేర్ బాక్స్ కలిసే చోట అడుగున వేలితో తుడవండి. తాజా నూనె తడి తగిలితే సీల్ మీద అనుమానం పెట్టుకోండి.

గేరు పడదు, రివర్స్‌లో గరగరమంటుంది

ఇది జారుడుకు ఎదురు లక్షణం. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. కేబుల్ సాగితే పెడల్ ఖాళీ పెరిగి ఇలా అవుతుంది. నట్టు బిగిస్తే సరి. కేబుల్ పోగులు తెగి కనిపిస్తే వెంటనే మార్చండి. ఆయిల్‌తో పనిచేసే క్లచ్ అయితే పెడల్ నాలుగుసార్లు వరుసగా తొక్కి గేరు వేయండి. అప్పుడు పడితే లైనులో గాలి చేరింది, లేదా ఎక్కడో కారుతోంది. పెడల్ పైన తడి ఉంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేది), గేర్ బాక్స్ దగ్గర తడి ఉంటే స్లేవ్ సిలిండర్ (ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసేది) కారుతున్నట్టు.

మన ప్రాంతంలో దీనికి ఇంకో కారణం ఉంది. వానాకాలమంతా కదలకుండా పెట్టిన కారులో తేమకు ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) తుప్పు పట్టి ప్లేటు దానికి అతుక్కుపోతుంది. ముందు మనిషిగానీ కాలువగానీ లేని కళ్లంలో, ఇంజిన్ వేడెక్కాక ఆపి, మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి స్టార్ట్ చేయండి. బండి కదులుతుంది. క్లచ్ తొక్కిపట్టే యాక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ ఉంటే చాలాసార్లు ప్లేటు ఊడివస్తుంది. బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉండాలి.

వరద నీళ్లలో మునిగిన కారును మాత్రం ఇలా స్టార్ట్ చేయవద్దు. ముందు ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే.

చప్పుడు, అదురు

పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను నొక్కి విడదీసే బేరింగ్). వదిలినప్పుడు మోగి, తొక్కితే ఆగితే గేర్ బాక్స్ లోపలి బేరింగ్. బయలుదేరేటప్పుడు బండి అదిరితే ముందు ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు చూడండి.

దించక తప్పనప్పుడు

మన ఒండ్రు నేల ఎండలో రాయిలా కనిపిస్తుంది. తొలకరి పడ్డాక అదే నేలలో జాకీ మెల్లగా దిగిపోతుంది. సిమెంటు గచ్చు లేకపోతే గేర్ బాక్స్ దించే పని ఇంట్లో పెట్టుకోవద్దు. జాకీని నమ్మి, ఇటుకలు పేర్చి కారు కిందకు దూరవద్దు. గట్టి స్టాండ్లు ఉండాలి, తోడు ఇంకో మనిషి ఉండాలి. చిన్న కారు గేర్ బాక్స్ అయినా ఒక్కరే పడుకుని మీదకు దించుకునే బరువు కాదు.

బ్యాటరీ నెగటివ్ తీయండి, గేర్ ఆయిల్ దించండి, ఆక్సిల్స్, స్టార్టర్, కేబుల్ విప్పండి. ఇంజిన్ కింద చెక్క పెట్టి ఆనించాకే గేర్ బాక్స్ బోల్టులు తీయండి. లోపలి దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకుండా, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

పాత ప్లేటును వెలుతురులో పట్టుకుని చూడండి. రివెట్ తలల కన్నా పైపొర అర మిల్లీమీటరు ఎత్తు కూడా లేకపోతే అది పూర్తిగా అరిగినట్టు. ఒకవైపు నల్లగా మెరుస్తూ జిడ్డుగా ఉంటే సీల్ మార్చకుండా కొత్త ప్లేటు వేయవద్దు. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్లు ఉంటే లేత్ పనివాడికి చూపించండి. పగులు లోతుగా ఉంటే మార్చడమే మేలు. గేర్ బాక్స్ దించాక ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కు అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్చాలని నా అభిప్రాయం. మిగిల్చిన పాత బేరింగ్ ఏడాదికి మోగితే అదంతా మళ్లీ విప్పాలి.

బిగించేటప్పుడు ప్లేటు ఏ వైపు ఫ్లైవీల్‌కు ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది. చదివి పెట్టండి. నడిమధ్యకు తేవడానికి అలైన్‌మెంట్ కడ్డీ వాడండి. బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించి, చివరికి మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) తేవాలి. గేర్ బాక్స్ చేత్తోనే ఇంజిన్‌కు ఆనాలి. ఆనకపోతే బోల్టులతో లాగవద్దు, దాని బరువు ప్లేటులోకి దూరే షాఫ్టు మీద వేలాడనీయవద్దు. ప్లేటు మధ్యభాగం వంగిపోతుంది.

మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయకుండా నడపండి. రేవు గట్టు మీద ఆగాల్సి వస్తే హాఫ్ క్లచ్‌తో (పెడల్ సగం తొక్కిపట్టి) నిలబెట్టకుండా హ్యాండ్ బ్రేక్ లాగండి. వారం తర్వాత పెడల్ ఖాళీని మళ్లీ కొలవండి, కొత్త ప్లేటు కుదురుకునేసరికి అది కొద్దిగా మారుతుంది.