మందు కొట్టే పని డ్రోన్‌కి పోతుంటే ఏం చేయాలి

డెల్టాలో వరికి మందు కొట్టేవాళ్ళకి పని తగ్గుతోంది. 10 లీటర్ల డ్రోన్ ఎకరాన్ని పది నిమిషాల్లో ముగిస్తుంటే వీపు మీద స్ప్రేయర్‌తో పోటీపడలేం, కాబట్టి ఆ డ్రోన్ నడిపేది మీరే అవ్వండి. 18 ఏళ్ళు నిండి పదో తరగతి పాసైతే రిమోట్ పైలట్ శిక్షణలో చేరొచ్చు. ఫీజు కట్టేముందు ఆ సంస్థకి డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి ఉందో లేదో తప్పకుండా చూసుకోండి.

ఎగరేయడం కొద్దిరోజుల్లో వచ్చేస్తుంది, అసలు విద్య మీ దగ్గర ఎప్పట్నుంచో ఉంది: వరి రసం పీల్చే సుడిదోమ దుబ్బు మొదట్లో దాక్కుంటుంది, పైపైన చల్లితే దానికి తగలదు, పైగా గాలి రేగితే మందు పక్కనున్న రొయ్యల చెరువులో పడుతుంది. అలాంటి పూట "ఇవాళ వద్దండీ, రేపు పొద్దున్నే కొడదాం" అని రైతుకి గట్టిగా చెప్పండి.